అన్నీ కలుపుకుని

ఉప్పాడలో గోడ రెండు నిలువుల ఎత్తు పెరిగింది. మొంబాసాలో గోడ మొలవనే లేదు. సెబులో గోడ జావైపోయింది.

ఈ మూడు వార్తలూ ఒకే ఉదయం వకుళ చెవిన పడ్డాయి. వకుళ ఉప్పాడ తీరంలో కడుతున్న తుఫాను ఆశ్రయానికి కొలతల ఇంజనీరు. మామూలు మనిషికి గోడను చూస్తే గోడే కనిపిస్తుంది. కొలతల ఇంజనీరుకు అందులో ఎంత ఇసుక ఉందో, ఎన్ని నీళ్లు పట్టాయో, ఎంతమంది ఎన్నాళ్లు కష్టపడ్డారో కనిపించాలి. కనిపించినదంతా కొలతల పుస్తకంలోకి ఎక్కాలి. పుస్తకంలోకి ఎక్కనిది ఈ లోకంలో లేనట్టే లెక్క. ఆ మాట వకుళ కొత్తగా చేరినవాళ్లకు నవ్వుతూ చెప్పేది. నిజంగానే నమ్మేది కూడా.

ఆ గోడ పేరు మొలకగోడ. విశ్వేశం మాస్టారు ఇరవై ఏళ్లు తల పండబెట్టుకుని కనిపెట్టారు. రెండు వెదురు తడికెలు ఎదురెదురుగా పాతి, వాటి కాళ్ల దగ్గర ఇసుకా ఆల్చిప్పల గుల్లా పోసి, పైన గోధుమరంగు విత్తు పొడి చల్లి, రోజుకు మూడు పూటలా తడపాలి. పొడిలో నిద్రపోతున్న జీవాలు మేలుకుని, గుల్లను కరిగించి ఇసుకకు పట్టించి రాయిని చేస్తాయి. కింద పోసిన ఇసుకను గోడ తనే పైకి లాక్కుంటుంది. రోజుకు బెత్తెడు పెరుగుతుంది. తాపీ పెట్టే పని లేదు, పరంజా ఎక్కే పని అంతకన్నా లేదు.

సముద్రం ఏటా ఇంత చొప్పున నేలను కొరుక్కుపోయే తీరాలకు ఇలాంటి గోడ కావాలి. అందుకని అయిదు దేశాల కట్టడ లెక్కల వాళ్లు కలిసి తీరాల సమితి అని ఒకటి పెట్టుకున్నారు. ఎవరి విజ్ఞానం ఎవరి దగ్గర పుట్టినా, కొలిచే పద్ధతి మాత్రం అందరిదీ ఒకటే ఉండాలన్నది సమితి నియమం. ఒక చోట రాసిన పత్రం పట్టుకుని మరో చోట అదే గోడ నిలబెట్టగలగాలి. కనీసం మూడు దేశాల్లో నిలువెత్తు గోడ లేస్తేనే మంజూరు. ఒక్క చోట లేస్తే దాన్ని వింత అంటారు, మూడు చోట్ల లేస్తేనే పద్ధతి అంటారని సమితి అధ్యక్షుడు లిస్బన్ నుంచి ఎప్పుడూ చెబుతుంటాడు.

మంజూరు సభకు ఇంకా నలభై రోజులుంది. ఆ రోజుకు మూడు గోడలు లేవకపోతే అన్ని చోట్లా పని ఆపేస్తారు. అంటే ఉప్పాడలో ఈ ఒక్క గోడా ఒంటరిగా మిగిలిపోతుంది, మిగతా మూడు గోడలూ కప్పూ రావు, కార్తీకంలో తుఫాను వస్తే జాలరిపేట జనం ఎప్పట్లాగే మూటలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తాలి.

"మా వద్ద విత్తనము వేసి పదునెనిమిది దినములైనది. మొలక యొక్క జాడయే లేదు," అంది మొంబాసా నుంచి మ్వనైషా. ఆవిడ మాట్లాడేది స్వాహిలీ. వకుళ చెవిలో ఉన్న దుబాసి యంత్రం దాన్ని తెలుగు చేసి వినిపిస్తుంది. ఈ యంత్రాలొచ్చాక అందరూ ఎవరి భాషలో వాళ్లు రాసుకుంటున్నారు, మాట్లాడుకుంటున్నారు. కాకపోతే తెలుగు దుబాసికి ఎవరో చిన్నప్పుడు పాత పాఠ్యపుస్తకాలు మేపినట్టున్నారు, ఎవరి మాటైనా పంతులుగారి మాటలా వస్తుంది.

"మాస్టారు మూడోసారి కొత్త విత్తు పంపించారండి. అదీ అంతేనా?" అంది వకుళ.

"అదియు నంతే. వకుళ గారూ, ఒక మాట. నేను నమ్మను గాని, ఇక్కడ కొందరు అడుగుచున్నారు. మీ గోడ నిజముగా మొలిచినదేనా, లేక సిమెంటు కూడా ఏమైనా..."

వకుళకు మొహం మీద కొట్టినట్టయింది. పాతికేళ్ల ఉద్యోగంలో ఆమె పుస్తకాన్ని ఎవరూ అనుమానించలేదు. మ్వనైషా ఎంత మర్యాదగా అడిగినా అడగడం అడగడమే. తెర మీద సెబు ఇంజనీరు రొదెలియో తల వంచుకుని కూర్చున్నాడు. మొలవని ఆవిడకు ఒక దిగులు, జావైపోయిన వాడికి ఇంకో దిగులు.

ఆ మధ్యాహ్నం వకుళ మొహం మాడ్చుకుని ఇంటికి వెళ్లింది. భర్త జోగినాథం అన్నం వడ్డించాడు. ఆయన కాకినాడలో పడవల ఇంజన్లు బాగు చేసేవాడు. నడుం పట్టేసిన తర్వాత మానేసి పదేళ్లుగా ఇల్లు చూసుకుంటున్నాడు. వంట ఆయనదే, కూరల బజారు ఆయనదే, వకుళ కళ్లజోడు ఎక్కడ పెట్టిందో గుర్తు పెట్టుకోవడమూ ఆయనదే.

వకుళ ఎడం చేత్తో ఉప్పాడ పత్రం పట్టుకుని మళ్లీ మళ్లీ చదువుతోంది. "మొలకగోడ, పది మీటర్ల పొడవు, ఇసుక, గుల్ల, విత్తు, నీళ్లతో సహా అన్నీ కలుపుకుని..."

"ఆ అన్నీలో ఎవరెవరున్నారు?" అన్నాడు జోగినాథం, పెరుగు గిన్నె ముందుకు జరుపుతూ.

"ఎవరెవరేంటండీ? అది మా వాడుక. చిన్న చిన్న పనులన్నీ విడివిడిగా రాస్తూ కూర్చుంటే పుస్తకం ఎప్పటికీ తెమలదు. మా గురువుగారు రాశారు, నేనూ రాస్తాను."

"తెలుసులే. మొన్న జనాభా లెక్కల అమ్మాయి వచ్చి, ఇంట్లో ఎవరేం చేస్తారని అడిగితే నువ్వేం చెప్పావు? నేను ఇంజనీర్ని, మా ఆయన ఇంట్లోనే ఉంటారు అన్నావు. నేనూ పదేళ్లుగా అన్నీ కలుపుకునిలోనే ఉన్నాను. నాకేం కోపం లేదు. పప్పు చల్లారిపోతోంది, తిను."

వకుళ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ముద్ద చేతిలోనే ఉంది. కలుపుకుని. దుబాసి ఆ మాటను ఏం చేసి ఉంటుంది?

మర్నాడు ఉదయం తెర మీదికి మ్వనైషాను, రొదెలియోను పిలిచింది. "ఒక్క పని చేద్దాం. నా పత్రం మీ భాషలో ఎలా వచ్చిందో మీరు పైకి చదవండి. దుబాసి దాన్ని మళ్లీ తెలుగు చేసి నాకు చెబుతుంది. ముందు రొదెలియో గారు."

రొదెలియో గొంతు సవరించుకుని చదివాడు. వకుళ చెవిలో దుబాసి శ్రద్ధగా పలికింది. "ఇసుక, గుల్ల, విత్తు, నీరు, సర్వమును ఏకముగా కలియబెట్టవలెను."

"అయ్యో రాత. మీరు కలియబెట్టారా?"

"పెద్ద పీపాలో వేసి ఆరు గంటల సేపు కలియబెట్టితిమి. ఇద్దరు మనుష్యులు వంతులు వేసుకొనిరి. మీరు సర్వమును అని వ్రాసినారు గదా, ఇంకను చాలదేమోయని మరునాడు మరల కలియబెట్టితిమి," అన్నాడు రొదెలియో. అతని మొహంలో తప్పు చేసిన జాడ ఏమీ లేదు. చేయలేదు కూడా.

మ్వనైషా తన పత్రం చదివింది. అక్కడ దుబాసి తెలివిగానే పనిచేసింది. కలుపుకుని అంటే చేర్చబడి ఉన్నది అని సరిగ్గానే అర్థం చేసుకుంది. నీళ్లు కూడా విత్తు సంచిలోనే ఏదో రూపంలో చేర్చబడి ఉన్నాయని మొంబాసా వాళ్లు అనుకున్నారు. పద్దెనిమిది రోజులుగా ఆ విత్తు మీద ఒక్క చుక్క పోయలేదు. వాళ్లంతా ఎండలో దాని చుట్టూ నిలబడి, ఎప్పుడు మొలుస్తుందా అని చూస్తున్నారు.

ముందు మ్వనైషా నవ్వింది. తర్వాత ముగ్గురూ నవ్వారు. రొదెలియో కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

"తప్పు నాదేనండి. పోయడానికి ఒక మనిషి ఉందని నేను రాయలేదు. ఆవిడ పేరు నూకాలమ్మ. మూడు పూటలా ఆవిడే పోస్తుంది," అంది వకుళ.

"మా లెక్కలలో కూడ అటువంటి మాట యొకటి ఉన్నది. దాని కింద నేను ఎందరిని దాచితినో నాకే తెలియదు," అంది మ్వనైషా.

కొత్త పత్రంలో నీళ్లు పోయడం విడిగా రాశారు. రెండు చోట్లా మళ్లీ విత్తు వేశారు. నాలుగో రోజుకు మొంబాసా నుంచి మొలక ఫొటో వచ్చింది. వకుళకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఫొటోను విశ్వేశం మాస్టారు తన గది గోడకు అంటించుకున్నారు. అది మామూలు ఇటుకగోడే.

తొమ్మిదో రోజుకు రెండు గోడలూ పిక్కల దాకా లేచి ఆగిపోయాయి. పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి, గోడ మాత్రం కదలదు. సభకు ముప్ఫై రోజులు కూడా మిగల్లేదు.

"నూకాలమ్మ ఇంకేదో చేస్తోంది. అది మనం రాయలేదు," అంది వకుళ మాస్టారితో.

"ఏం చేస్తుందమ్మాయ్, నీళ్లు పోస్తుంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాగా," అన్నారు మాస్టారు. ఆయనకు గోడ తప్ప మరొకటి కనిపించదని వకుళకు తెలుసు.

కొలతల వాళ్లకు ఒక పద్ధతుంది. పని దగ్గర గడియారం పెట్టుకుని కూర్చుని, మనిషి చేసే ప్రతి కదలికా రాసుకోవడం. వకుళ కుర్చీ వేయించుకుని, ఒళ్లో కొలతల పుస్తకం పెట్టుకుని గోడ ఎదురుగా కూర్చుంది.

నూకాలమ్మకు యాభై ఎనిమిదేళ్లు. సముద్రం ఆవిడ ఇల్లు రెండుసార్లు పట్టుకుపోయింది. మూడో ఇల్లు రోడ్డుకు ఇవతల వేసుకుంది. మొగుడూ కొడుకూ వేటకెళతారు. ఆవిడ ఇక్కడ కూలికి చేరింది. ఇంజనీరమ్మగారు అలా కళ్లప్పగించి కూర్చుంటే ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కొంగు సర్దుకుంది, బిందె సర్దుకుంది, మళ్లీ కొంగు సర్దుకుంది. తర్వాత కుళాయి నీళ్లు పట్టుకొచ్చి గోడ మొదట్లో పోసింది. వకుళ రాసుకుంది. ఏడు బిందెలు, ఇరవై రెండు నిమిషాలు. మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే. మూడు రోజులు రాసింది. మొంబాసా వాళ్లు చేస్తున్న దానికీ దీనికీ పిసరంత తేడా లేదు.

నాలుగో ఉదయం గోడ ఎత్తు కొలిచి వకుళ ఉలిక్కిపడింది. ఉప్పాడ గోడ కూడా ఆగిపోయింది. మొలిచిన నాటి నుంచీ ఒక్కరోజు నాగా లేకుండా పెరిగిన గోడ, సరిగ్గా తను కుర్చీ వేసుకున్న రోజు నుంచే పెరగడం మానేసింది.

వకుళ చాలాసేపు ఆ అంకె వైపు చూసింది. తర్వాత పుస్తకం మూసి, కుర్చీ పక్కకు లాగేసి, నూకాలమ్మ పక్కన ఇసుకలో చతికిలపడింది.

"నూకాలమ్మా, నేను చూస్తున్నానని నువ్వేదో మానేశావు."

"నేనేటి మానేత్తానండి? పోత్తానే ఉన్నాను గదండీ."

"గోడ ఆగిపోయింది. నా మీద ఒట్టు, నిన్నెవరూ ఏమీ అనరు. ఇదిగో పుస్తకం మూసేశాను. నేను లేనప్పుడు ఏం చేసేదానివో అదే చెయ్యి."

నూకాలమ్మ సముద్రం వైపు చూసింది, విశ్వేశం మాస్టారి గది వైపు చూసింది. లేచి తడికె వెనకాలకు వెళ్లింది. గుడ్డ కట్టిన కుండ ఒకటి చంకనెట్టుకుని వచ్చింది. గుడ్డ విప్పేసరికి పుల్లటి వాసన గుప్పున వచ్చింది. వకుళకు ఆ వాసన చిన్ననాటి నుంచీ తెలుసు.

"తరవాణా?"

"ఆయ్. బియ్యం కడుగూ గంజీ పోసి పులియబెడతానండి, మా ఇంట్లో తాగేదే. బిందెడు నీళ్లకి రెండు చెంబులు కలుపుతాను," అంది నూకాలమ్మ తల వంచుకుని. "మాస్టారుగారు మొదటి రోజే సెప్పేరు గదండీ, ఇది ప్రాణం ఉన్న గోడ అని. ప్రాణం ఉన్నదానికి ఒట్టి నీళ్లు పోత్తే ఏం బతుకుద్దండి? రెండు రోజులు సూసేను. నీరసంగా కనపడింది. మూడో రోజునుంచి ఇది పోత్తన్నాను."

"మరి చెప్పవేం?"

"సైన్సు గోడండి. మా ఇంటి కుండలోది పోసేనంటే పనిలోంచి తీసేత్తారనుకున్నాను."

వకుళకు మొదట నవ్వొచ్చింది, ఆ వెనకే సిగ్గేసింది. రోజూ ఈవిడ పక్క నుంచే నడిచి వెళ్లింది. గోడను వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచింది. గోడకు అన్నం పెడుతున్న మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

విశ్వేశం మాస్టారు కుండలో వేలు ముంచి రుచి చూశారు. గదిలోకి వెళ్లి రెండు గంటలు బయటికి రాలేదు. వచ్చాక, "పులుపులో పుట్టే జీవాలకూ నా జీవాలకూ స్నేహం కుదిరింది. ఒకటి వండుతుంది, ఒకటి కడుతుంది. ఇరవై ఏళ్లలో నాకు తట్టలేదు," అన్నారు. సంతోషించాల్సిన మనిషి మెట్టు మీద కూలబడ్డారు.

"సార్, తరవాణి పట్టడానికి రోజుకు మూడు పూటలా ఒక మనిషి అని పత్రంలో రాస్తున్నాను," అంది వకుళ.

"వద్దమ్మాయ్. పొడి చేసి విత్తులోనే కలిపేద్దాం. ఆరు నెలలు టైమివ్వు."

"ఇరవై అయిదు రోజులే ఉందండి. పైగా బెత్తెడు బెత్తెడుకూ ఎంత పడుతుందో చూసి పోసే మనిషి ఎలాగూ కావాలి."

మాస్టారు మెట్టు మీద నుంచి లేవలేదు. "మా నాన్న తాపీ మేస్త్రీ. నాకు తొమ్మిదేళ్లప్పుడు పరంజా విరిగి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. కూడా ఇంకో ఇద్దరు. ఆ రోజు అనుకున్నాను, మనిషి అక్కర్లేని గోడ కట్టాలని. కొలతల పుస్తకంలో మనుషుల గడిలో సున్నా ఉండాలని. నువ్విప్పుడు ఆ గడిలో మనిషిని రాస్తానంటున్నావు."

పక్కనే కుండ కడుగుతున్న నూకాలమ్మ అంది. "ఎక్కేది గోడండి మాస్టారుగారూ, నేను కాదు. నేను కిందే నిలబడి పోత్తాను. కావలిత్తే కూకుని కూడా పోత్తాను."

మాస్టారు ఆవిడ వైపు చాలాసేపు చూశారు. గోడ వైపు చూశారు. రెండు నిలువుల ఎత్తున్న ఆ గోడ మీదికి ఇంతవరకూ ఒక్క మనిషీ ఎక్కలేదు. "అవును గదా," అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. "రాయమ్మా. నిలబడి అని రాయకు, కూర్చుని పోయవచ్చును అని రాయి. ఒక ముక్కాలిపీట కూడా రాయి."

పత్రం తిరగరాశారు. ఈసారి ప్రతి వాక్యం వకుళ తెలుగులో రాయడం, మ్వనైషా స్వాహిలీలో పైకి చదవడం, రొదెలియో సెబువానోలో చదవడం, ఎవరికి ఏం అర్థమైందో ముగ్గురూ చెప్పుకోవడం. కలుపుకుని అనే మాటను ముగ్గురూ కలిసి నిషేధించారు. తరవాణి అంటే దుబాసి మూడు భాషల్లోనూ చేతులెత్తేసింది. నూకాలమ్మ తెర ముందుకు వచ్చి కుండ వంచి చూపించింది. మ్వనైషా ముక్కు దగ్గర వాసన వచ్చినట్టే నవ్వి, తన అమ్మమ్మ పులియబెట్టే జొన్న జావ సంగతి చెప్పింది. రొదెలియో లేచి వెళ్లి వాళ్లావిడను పిలుచుకొచ్చాడు. ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోస్తుందట, పారబోస్తే ఊరుకోదట. ముగ్గురు ఆడవాళ్లూ దుబాసిని పక్కన పెట్టి చేతులతోనే అరగంట మాట్లాడుకున్నారు. వకుళ, రొదెలియో చూస్తూ రాసుకున్నారు.

ఒక్క చోట వకుళ కలం ఆగింది. ఈ పని చేసే మనిషిని ఏమనాలి? కూలి అంటే చాలదు, మేస్త్రీ అంటే కాదు, కాపలా అసలే కాదు. ఏ దేశపు కొలతల పుస్తకంలోనూ ఈ పనికి పేరు లేదు. ఇంతకాలం పని కూడా లేనట్టే కదా. వకుళ మనుషుల గడిలో "నూకాలు" అని రాసింది. రోజుకు మూడు పూటలా, పది మీటర్ల గోడకు, కూర్చుని పోయవచ్చును, దేనిలోనూ కలుపుకోకుండా.

సభ నాటికి మొంబాసా గోడ మనిషి కన్నా నాలుగు వేళ్లు ఎత్తుంది. సెబు గోడ పక్కన రొదెలియో నిలబడ్డాడు. ఇద్దరూ సమానం. అతను బూట్లు విప్పి నిలబడ్డాడని వకుళ గమనించింది కానీ ఊరుకుంది.

తెర మీద లిస్బన్ సభలో ఒక పెద్దాయన కళ్లజోడు పైకెత్తి అడిగాడు. "దీనిని తానుగా పెరుగు గోడ యని చెప్పితిరి. ఇప్పుడు మనుషుల గడిలో మనిషి ఉన్నది. ఇక తక్కిన గోడలకును దీనికిని భేదమేమి?"

"ఇంతకు పూర్వము కూడ మనిషి ఉన్నదండి. మనము వ్రాయలేదు, అంతియే. వ్రాయని చోట గోడ లేవలేదు, వ్రాసిన చోట లేచినది. మేము కొలతల వారము, ఇంతకంటె రుజువు మాకు తెలియదు," అంది మ్వనైషా.

చేతులు లేచాయి. వకుళ లెక్కపెట్టలేదు, కళ్లు మసకబారాయి. మ్వనైషా తెర మీద తన కొలతల పుస్తకం ఎత్తి చూపింది, వకుళ తనది ఎత్తి చూపింది. ఇంటికి వెళ్లగానే జోగినాథం పాయసం పెట్టాడు. తింటూ తింటూ వకుళ ఫోను తీసి జనాభా లెక్కల అమ్మాయికి కబురు పెట్టింది, మా ఇంటి వివరాల్లో ఒక దిద్దుబాటు ఉందని. జోగినాథం ఇంకో గరిటెడు పాయసం వేశాడు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. అప్పటికి ఆశ్రయం నాలుగు గోడలూ లేచి, కప్పు కూడా మూసుకుంది. తెల్లవారేసరికి జాలరిపేట అంతా లోపల ఉంది. మూడు వందల మంది మనుషులు, వలలు, మేకలు, ఒక కుట్టు మిషను. సముద్రం పొద్దుటి నుంచీ గోడను గుద్దుతూనే ఉంది. మధ్యాహ్నం దాకా వకుళ గోడకు అరచెయ్యి ఆనించుకునే కూర్చుంది. లోపలి వైపు చెమ్మ కూడా రాలేదు. విశ్వేశం మాస్టారు ఎవరి పిల్లనో ఒళ్లో పడుకోబెట్టుకుని నిద్రపోయారు.

రెండు గంటల వేళ గాలి కాస్త తగ్గింది. నూకాలమ్మ మూటల మధ్య నుంచి లేచి, కుండా ముక్కాలిపీటా తీసుకుని గోడ మొదట్లో కూర్చుంది.

"ఇప్పుడెందుకు నూకాలమ్మా, పెరగడం అయిపోయిందిగా," అంది వకుళ.

"పొద్దుట్నుంచీ దెబ్బలు తింటా ఉంది గదండీ. దీనికెవరూ ఏమీ ఎట్టలేదు," అని చెంబు వంచింది.

అప్పుడే వకుళ చెవిలో దుబాసి పలికింది. మొంబాసా నుంచి మ్వనైషా. ముందు క్షేమం అడిగింది. గోడ నిలబడిందంటే అవతల గది నిండా జనం చప్పట్లు కొట్టారు. తర్వాత తమ సంగతి చెప్పింది. "మేము నాలుగు ఆశ్రయములు ఆరంభించితిమి. ఒక్కొక్క గోడకు ఒక నూకము చొప్పున పదునారు నూకాలు చేరినవి."

"ఒక... ఏంటండీ?"

"నూకము. ఏకవచనము నూకము, బహువచనము నూకాలు. మీ పత్రము నుండి దుబాసియే చెప్పినది. ఇక్కడ అందరును అదే వాడుచున్నాము. సెబులో పన్నెండు, తక్కిన రెండు చోట్ల పదకొండు, అన్నియు నూకాలే. తప్పా?"

పుస్తకం పుస్తకాలు, నూకం నూకాలు. వకుళ పొట్ట పట్టుకుని నవ్వింది. పక్కనున్నవాళ్లు తుఫానులో ఈవిడకేమైందని చూశారు. వకుళ నూకాలమ్మకు సంగతంతా విప్పి చెప్పింది.

నూకాలమ్మ చెంబు పక్కన పెట్టి ఆలోచించింది. "అంటే నా పేరు సూసి నేనొక్కదాన్నే ఎంతో మందిననుకున్నారాండి?"

"అనుకోవడమేంటి, అయ్యారు. మొంబాసాలో పదహారు మంది. సెబులో పన్నెండు. మిగతా రెండు చోట్లా కలిపి పదకొండు."

"నాతోటి?"

"నీతో నలభై."

నూకాలమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. అది చెమటో మరొకటో వకుళ అడగలేదు. ముక్కాలిపీట కొంచెం ముందుకు జరుపుకుని, కుండలో ఎంత మిగిలిందో వంగి చూసుకుంది.

"నలభై మందికి సెప్పండమ్మా," అంది, "రెండు చెంబులే పొయ్యమని. మూడు పోత్తే పులుపెక్కువైపోద్ది."